పీడీ టీచరుగా నా శిక్షణ: పీఈసెట్ నుంచి డీఎస్సీ దాకా

డ్రిల్లు టీచరు, అంటే పీడీ (ఫిజికల్ డైరెక్టర్) కావడానికి కూడా చదువుంటుందా అని మా విశాఖ గాజువాకలో ఇప్పటికీ అడుగుతారు. ఉంటుంది. డిగ్రీ అయ్యాక పీఈసెట్ అనే ప్రవేశ పరీక్షకి వెళ్ళాలి, అందులో సీటు వస్తే రెండేళ్ళు బీపీఈడీ (వ్యాయామ విద్యలో డిగ్రీ) చదవాలి, ఆ తర్వాత డీఎస్సీ, అంటే ప్రభుత్వ టీచరు ఉద్యోగాల పరీక్ష. కోచ్ అనిపించుకోవాలంటే అది ఇంకో చదువు. ఈ రెండూ ఒకటే అని చాలామంది అనుకుంటారు. నేనూ డిగ్రీ రోజుల్లో అలాగే అనుకునేదాన్ని. ఒకటి కాదని తెలుసుకోవడమే నా శిక్షణలో అసలు భాగం. అందుకే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

నా ఆట ఖోఖో. ఆరో తరగతిలో మొదలుపెట్టి డిగ్రీ దాకా ఆడాను. బీఎస్సీ చివరి ఏడాదిలో ఉండగా మా నాన్న బ్యాంకు పరీక్షలకు కోచింగ్‌లో చేరమన్నారు. అమ్మ బాధ వేరే. ఎండలో తిరిగి నల్లబడిపోతే రేపు సంబంధం ఎలా చూస్తామని. నాకు మాత్రం గ్రౌండ్ వదిలి ఏ కుర్చీలోనూ కూర్చోవాలని లేదు. మా స్కూల్లో ఆడవాళ్ళలో పీడీ ఒక్కరూ లేరు. ఆడపిల్లకు ఆరోగ్యం బాగోకపోతే చెప్పుకోవడానికి గ్రౌండ్‌లో మనిషి ఉండేది కాదు. ఎనిమిదో తరగతి దాటాక నాతో ఆడిన పిల్లలు ఒక్కొక్కరే ఆట మానేయడం నేను కళ్ళారా చూశాను. ఆ ఉద్యోగమే కావాలని అప్పుడే గట్టిగా అనుకున్నాను.

పీఈసెట్ అంటే హాల్లో కూర్చుని రాసే పరీక్ష కాదు. మొత్తం 500 మార్కులూ గ్రౌండ్‌లోనే. ఫిజికల్ టెస్టుకి 400, మనం ఎంచుకున్న ఆటలో నైపుణ్యానికి 100. అమ్మాయిలకు 100 మీటర్ల పరుగు, 400 మీటర్ల పరుగు, లాంగ్ జంప్ లేదా హై జంప్, షాట్‌పుట్. ఒక్కోదానికి 100 మార్కులు. అబ్బాయిలకు 400 బదులు 800 మీటర్లు, గుండు బరువు కూడా ఎక్కువ. ఖోఖో ఆడిన కాళ్ళకి పరుగు కొత్త కాదు, జంప్ కూడా సర్దుకుంటుంది. షాట్‌పుట్ దగ్గరే టెన్షన్. నాలుగు కిలోల గుండు. దాన్ని అందరూ చేత్తో విసరాలని చూస్తారు. బలం కాళ్ళ నుంచి నడుముకి, నడుము నుంచి భుజానికి వచ్చి చివర్లో వేళ్ళ దాకా చేరాలి. గుండు మెడ దగ్గర నుంచి వదిలిపోకూడదు. ఇది చెప్పడానికి ఒక మనిషి కావాలి. ఆంధ్ర విశ్వవిద్యాలయం గ్రౌండ్‌లో పొద్దున్నే ప్రాక్టీసుకి వచ్చే సీనియర్ అక్క ఒకావిడ నాకు వారాల తరబడి నేర్పింది. పైసా తీసుకోలేదు. ఈ రంగంలో ఇలా నేర్పేవాళ్ళు చాలామందే ఉంటారు, అడగాలి అంతే.

స్టామినా కోసం బీచ్ రోడ్డుకి వెళ్ళేదాన్ని. పొద్దున పూట అక్కడ బండ్లు ఆపేస్తారు కాబట్టి ఆడపిల్ల ఒక్కతే పరిగెత్తినా ఇబ్బంది ఉండదు. ఇసుకలో పరుగు మంచిదని చాలామంది ఆర్కే బీచ్‌లో దిగి పరిగెడతారు. మెత్తటి ఇసుకలో ఎక్కువ చేస్తే మడమ వెనక నరం పట్టేస్తుంది. నీళ్ళ అంచున తడిసి గట్టిపడిన ఇసుక మీద, తక్కువ దూరం చాలు. వైజాగ్‌లో ఇంకో సంగతి ఉంది. ఇక్కడ గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆరదు. చెమట ఆరకపోతే ఒంట్లో వేడి దిగదు. ఏప్రిల్, మే నెలల్లో ఏడు దాటాక పరుగు పెట్టుకోకండి.

సీటు వచ్చింది. మొదటి నెలలో నన్ను బాగా ఆశ్చర్యపరిచింది పుస్తకాల బరువు. అనాటమీ, ఫిజియాలజీ, కైనేసియాలజీ (శరీర కదలికల శాస్త్రం), బయోమెకానిక్స్ (కదలికల వెనక బలాల లెక్క), స్పోర్ట్స్ సైకాలజీ, టెస్టులు-కొలతలు, యోగా, ఆరోగ్య విద్య, బోధనా పద్ధతులు. పొద్దున గ్రౌండ్, తర్వాత క్లాసులు, సాయంత్రం మళ్ళీ గ్రౌండ్, రాత్రి రికార్డులు. ఎముకల పేర్లన్నీ ఎందుకని మొదట్లో విసుక్కున్న వాళ్ళే, రెండో ఏడాదికి ఒక పిల్లాడు మోకాలు పట్టుకుని కూర్చుంటే ఎక్కడ నొక్కి చూడాలో, ఎక్కడ ముట్టుకోకుండా ఆసుపత్రికి పంపాలో చెప్పగలిగారు. ఎదిగే వయసులో ఎముక చివర మెత్తగా ఉంటుంది, ఎముక పొడుగు పెరిగేది అక్కడే. పదమూడేళ్ళ పిల్లలతో రోజూ వందల గెంతులు గెంతిస్తే ముందు దెబ్బ తగిలేది అక్కడే. ఈ ఒక్క విషయం తెలియక పాడైన మోకాళ్ళు మన ఊళ్ళలో ఎన్నో.

నాకు బాగా నచ్చిన పని ట్రాక్ మార్కింగ్. 400 మీటర్ల ప్రామాణిక ట్రాక్‌కి వంపు దగ్గర 36.50 మీటర్ల వ్యాసార్ధం, 84.39 మీటర్ల స్ట్రెయిట్ (వంపు లేని నేరు భాగం), లేన్ వెడల్పు 1.22 మీటర్లు. ఎనిమిది లేన్లతో అది వేయాలంటే దాదాపు 177 మీటర్ల పొడవు, 93 మీటర్ల వెడల్పు జాగా కావాలి. విశాఖలో ఎన్ని బడులకు ఉంటుంది అంత జాగా? అందుకే మాతో 200 మీటర్ల ట్రాక్ చేయించేవారు. రెండు స్ట్రెయిట్‌లూ ఒక్కోటి 40 మీటర్లు పెట్టుకుంటే రెండు వంపులకు కలిపి 120 మీటర్లు మిగులుతుంది, అంటే మనిషి పరిగెత్తే ఊహా గీతకి వ్యాసార్ధం 19.10 మీటర్లు. సున్నం గీత అయితే 20 సెంటీమీటర్లు లోపలికి, అంటే 18.90 దగ్గర గీయాలి. నాలుగు లేన్లకు సుమారు 88 మీటర్ల పొడవు, 48 మీటర్ల వెడల్పు సరిపోతుంది. ఒక పూర్తి రౌండు పరుగులో బయటి లేన్ వాళ్ళని ఎంత ముందు నిలబెట్టాలన్నది ట్రాక్ పెద్దదా చిన్నదా అన్నదాని మీద ఆధారపడదు, లేన్ వెడల్పు మీదే ఉంటుంది. అంచు కట్ట లేని సున్నం ట్రాక్ మీద లేన్ లేన్‌కీ 7.67 మీటర్లు. 200 ట్రాక్ అయినా అంతే, 400 అయినా అంతే. ఇది మా లెక్చరర్ తాడు, మేకు, టేపు పట్టుకుని గ్రౌండ్ మీదే రుజువు చేసి చూపించారు. ఇప్పుడు నేను పదో తరగతి పిల్లలతో ట్రాక్ గీయిస్తున్నాను. వృత్తం చుట్టుకొలత సూత్రం వాళ్ళు మరిచిపోమన్నా మరిచిపోరు.

ఇక అసలు విషయం, టీచింగ్ ప్రాక్టీస్. ఊళ్ళోని బడులకు మమ్మల్ని పంపేవాళ్ళు. లెసన్ ప్లాన్ రాసుకుని వెళ్ళాలి. పిల్లల్ని వరుసలో నిలబెట్టడం, వార్మప్, ఆ రోజు నేర్పే నైపుణ్యం, దాన్ని వాడుకునే చిన్న ఆట, చివర్లో సర్దుకుని పంపించడం. కమాండ్ ఇచ్చేటప్పుడు ముందు మాటకీ చివరి మాటకీ మధ్య ఎంత ఆగాలో కూడా నేర్పుతారు. గొంతు చించుకోకుండా గ్రౌండ్ చివరి దాకా వినిపించాలి. ఇవన్నీ వచ్చేస్తాయి. రానిది ఇంకొకటి.

మా సూపర్‌వైజర్ మేడం ఒక పద్ధతి పెట్టుకున్నారు. క్లాసు మొదలవగానే వెనక వరుసలో, చివర నిలబడ్డ ఒక పిల్లనో పిల్లాడినో ఎంచుకునేవారు. ఎవర్ని ఎంచుకున్నారో మాకు చెప్పేవారు కాదు. స్టాప్‌వాచ్ పెట్టి, ఆ పీరియడ్‌లో ఆ ఒక్క పిల్ల ఎన్ని నిమిషాలు నిజంగా కదిలిందో లెక్క రాసేవారు. వరుసలో నిలబడ్డ సమయం లెక్కలోకి రాదు, ఎవరో ఆడుతుంటే చూసిన సమయం రాదు, బంతి తెచ్చి ఇచ్చిన సమయం కూడా రాదు. మా బ్యాచ్‌లో మంచి ఆటగాళ్ళు తీసుకున్న క్లాసుల్లో కూడా ఆ లెక్క చాలా తక్కువ వచ్చేది. నలభై ఐదు నిమిషాల పీరియడ్‌లో ఆ పిల్ల వంతుకి వచ్చేవి కొద్ది నిమిషాలే. ఆ కాగితం మా చేతికిచ్చి ఆవిడ అడిగే ప్రశ్న ఒక్కటే: "ఈ పిల్లకి నువ్వు టీచరువా, కాదా?"

ఆ ప్రశ్నతో మా లెసన్ ప్లాన్లు మారిపోయాయి. నలభై మంది ఒకే వరుసలో నిలబడి ఒకరి తర్వాత ఒకరు గెంతడం పోయి, ఎనిమిది మంది చొప్పున ఐదు గుంపులు వచ్చాయి. ఒక్క బంతి ఉంటే బంతి లేని పని మిగతా నాలుగు గుంపులకు పెట్టాలి. ఖోఖోలో కూర్చునే వాళ్ళ పని నేర్పడానికి కోర్టు అక్కర్లేదు, గోడ పక్కన నాలుగు చోట్ల నేర్పొచ్చు. గ్రౌండ్ చిన్నదై పక్కింటి డాబా మీద బంతి పడే బడుల్లో కూడా ఇది కుదురుతుంది. నిజానికి అలాంటి బడుల్లోనే మేం ఎక్కువ నేర్చుకున్నాం.

కోచ్ పని దీనికి ఎదురు దిక్కు. దాన్ని తక్కువ చేసి చెప్పడం లేదు, నాకు ప్రాణమైన పని అది. కోచ్ ఎంచుకోవాలి. ఖోఖోలో కోర్టులో ఉండేది తొమ్మిది మందే, మూడు వందల మంది బడిలో మిగతా అందర్నీ వదిలి ఆ కొద్దిమందినే చూడాలి. టీచరు ఎవర్నీ వదలకూడదు. ఒకే మనిషి, ఒకే ఈల, ఒకే గ్రౌండ్. శిక్షణలో ఈ రెండిటినీ వేరువేరు పేపర్లలో చెబుతారు గానీ, బడిలో అడుగుపెట్టాక రెండూ ఒకే పీరియడ్‌లో మీద పడతాయి.

కోచింగ్ సంగతి సరిగ్గా తెలుసుకోవాలని ప్రైవేటు బడిలో పనిచేస్తుండగా ఒక వేసవిలో పటియాలా వెళ్ళాను. 1961లో పెట్టిన నేతాజీ సుభాష్ జాతీయ క్రీడా సంస్థ అక్కడ పాత మోతీబాగ్ ప్యాలెస్‌లో ఉంది. పూర్తి కోచ్ కావాలంటే అక్కడ ఏడాది డిప్లొమా చేయాలి. నేను చేసింది ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు, అథ్లెటిక్స్‌లో. స్కూలు పిల్లలకు పునాది వేసే వాళ్ళకి అది పనికొస్తుంది, దాంతో పెద్ద కోచ్ ఉద్యోగాలు రావు, ఆ భ్రమ పెట్టుకోకండి. పంజాబ్ ఎండ పొడి ఎండ, మన తేమ ఎండకి అలవాటైన మాకు పెదాలు పగిలిపోయాయి. భోజనంలో రొట్టెలే. అన్నం పెట్టే రోజు తెలుగు వాళ్ళం అందరం ముందే లైన్‌లో ఉండేవాళ్ళం. చదువు మాత్రం గొప్పగా సాగింది. శిక్షణ ఎంత ఇచ్చామన్నదానితో పాటు విశ్రాంతి ఎంత ఇచ్చామన్నది కూడా రాసిపెట్టమన్నారు. శరీరం బలపడేది పరుగు పెట్టినప్పుడు కాదు, పరుగు తర్వాత కోలుకునేటప్పుడు. రోజూ చచ్చేలా పరిగెత్తిస్తేనే కోచ్ అనుకునే వాళ్ళు మన దగ్గర ఇంకా ఉన్నారు.

మధ్యలో గడిచిన ఏళ్ళ గురించి ఎక్కువ రాయను. మేం బీపీఈడీలో ఉండగానే 2018 అక్టోబరులో డీఎస్సీ నోటిఫికేషన్ వచ్చింది, మా చేతిలో పట్టా లేదు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి లేదు. ఊళ్ళో ఒక ప్రైవేటు స్కూల్లో పీఈటీగా (వ్యాయామ టీచరుగా) చేరాను. టైంటేబుల్‌లో గేమ్స్ పీరియడ్ ఉండేది, పరీక్షలు దగ్గరపడితే అది లెక్కలకో సైన్సుకో పోయేది. నన్ను ఫీజు కౌంటర్ దగ్గర, బస్సుల దగ్గర నిలబెట్టేవాళ్ళు. కరోనా వచ్చి బడులు మూతపడ్డప్పుడు జీతం ఆగిపోయిన వాళ్ళలో మొదటి వరుసలో ఉన్నది మాలాంటి వాళ్ళమే. అప్పుడు నన్ను నిలబెట్టింది అమ్మ. సంబంధాల గురించి బెంగపడిన అమ్మే, "డీఎస్సీ పడేదాకా చదువు, తర్వాత సంగతి తర్వాత చూద్దాం" అంది.

2024 ఫిబ్రవరిలో ఒక నోటిఫికేషన్ వచ్చి ఆగిపోయింది. చివరికి 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ నోటిఫికేషన్ 2025 ఏప్రిల్ 20న వచ్చింది. జూన్‌లో కంప్యూటర్ మీద పరీక్షలు. మా వ్యాయామ విద్య పోస్టులకు టెట్ (టీచరు అర్హత పరీక్ష) లేదు. మిగతా సబ్జెక్టుల వాళ్ళకి టెట్ మార్కులకు 20 శాతం వెయిటేజీ, రాతపరీక్షకు 80. మాకు అంతా రాతపరీక్షే. గ్రౌండ్‌లో ఎంత బాగా చేసినా అక్కడ ఒక్క మార్కు రాదు. ఇది నాకు న్యాయంగా అనిపించదు. పీఈసెట్ అంతా గ్రౌండ్ మీదా, ఉద్యోగం అంతా కాగితం మీదా పెడితే, పిల్లల ముందు నిలబడి ఒక నైపుణ్యం చేసి చూపగలమా లేదా అన్నది ఎవరు చూస్తారు? ఉద్యోగం వచ్చాక కూడా ఈ మాటే అంటున్నాను.

నేను చదివిన పద్ధతి చెబుతాను. బీపీఈడీ నోట్సులు పారేయకండి, మా కంటెంట్ అంతా అందులోనే ఉంది. కోర్టు కొలతలు, నియమాలు బట్టీ పట్టడం కంటే గీసి నేర్చుకుంటే మరిచిపోరు. మాలాంటి వాళ్ళం వెనకబడేది జనరల్ నాలెడ్జ్‌లోనూ, విద్యా విధానాల చరిత్రలోనూ. రోజూ తెల్లవారుజామున వాటికే కూర్చునేదాన్ని, బుర్ర తాజాగా ఉన్నప్పుడు ఇష్టం లేనిది చదవాలని. సాయంత్రం మాత్రం గ్రౌండ్ మానలేదు. మానితే చదువు కూడా ఎక్కదు.

సెప్టెంబరు 25న అమరావతిలో నియామక పత్రాలు ఇచ్చారు. మా నాన్న ఆ కాగితాన్ని లామినేషన్ చేయిస్తానంటే వద్దని ఆపాల్సి వచ్చింది, సర్వీసు రిజిస్టరుకి అది కావాలి. దసరా తర్వాత శిక్షణ, ఆపైన బడి. నాకు భీమిలి వైపు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల వచ్చింది. గ్రౌండ్ ఉంది. పక్కనే కొబ్బరి చెట్లు ఉన్నాయి, మధ్యాహ్నం నీడ వస్తుంది.

మొదటి వారంలోనే ప్రార్థన సమావేశంలో ఇద్దరు ఆడపిల్లలు కళ్ళు తిరిగి కూర్చుండిపోయారు. ఇద్దరూ పొద్దున ఏమీ తినకుండా వచ్చారు. మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉందని ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఆ అంకె నేను బీపీఈడీలో చదవలేదు, చదవాల్సింది. రక్తం తక్కువున్న పిల్లని పరిగెత్తలేదని తిట్టడం కంటే అన్యాయం లేదు. ఇప్పుడు వారానికోసారి ఇచ్చే ఐరన్ మాత్ర నా కళ్ళ ముందు వేయిస్తున్నాను, అన్నం తిన్నాక. రాగిజావ వద్దని పారబోసే వాళ్ళ దగ్గర నిలబడి తాగిస్తున్నాను. నెలసరి రోజుల్లో ఎవరు ఆడాలనుకుంటే వాళ్ళు ఆడొచ్చు, వద్దనుకుంటే స్కోరు రాయొచ్చు, కారణం గట్టిగా చెప్పక్కర్లేదు అని మొదటి రోజే ఆడపిల్లలందరికీ విడిగా చెప్పాను. ఒక పిల్ల నానమ్మ బడికొచ్చి, "ఏటమ్మా, ఆ రోజుల్లో కూడా గెంతుతారా?" అని అడిగింది. కూర్చోబెట్టి చాలాసేపు మాట్లాడాను. నేను డాక్టర్ని కాదు గానీ, నేను ఆడినదాన్నని చెబితే ఆవిడ నమ్మింది.

పిల్లలకి జ్యోతి యర్రాజీ గురించి చెబుతుంటాను. మన విశాఖ అమ్మాయి, పోర్టు హైస్కూల్లో చదివింది. పొడుగు చూసి హర్డిల్స్‌కి పనికొస్తుందని మొదట గుర్తించింది బడిలో వ్యాయామ ఉపాధ్యాయులే. 2023లో 100 మీటర్ల హర్డిల్స్‌ని 12.78 సెకండ్లలో పరిగెత్తి జాతీయ రికార్డు పెట్టింది. 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో ఆ ఈవెంట్‌లో పరిగెత్తిన మొదటి భారతీయురాలు. ఆ టీచరు ఆమెని ఎలా చూడగలిగారు? ఆ పిల్ల గ్రౌండ్‌లోకి వచ్చింది కాబట్టి. వెనక వరుసలో నిలబడిపోయిన పిల్లని ఏ కోచ్ కళ్ళూ పట్టుకోలేవు. మా మేడం స్టాప్‌వాచ్ లెక్క కోచింగ్‌కి కూడా పనికొస్తుందని నాకు బడిలో చేరాకే అర్థమైంది.

ప్రస్తుతం నేను పెట్టుకున్న ఏర్పాటు ఇది. జట్టు పిల్లలకు బడి గంటకి ముందూ, సాయంత్రం బడి విడిచాకా. గేమ్స్ పీరియడ్ మాత్రం క్లాసులో అందరిదీ, ఆ సమయంలో జట్టుని వేరు చేయను. స్కూల్ గేమ్స్ సెలక్షన్లు మండలం నుంచి జిల్లాకి, జిల్లా నుంచి రాష్ట్రానికి వెళ్తాయి. మా బడి అండర్ 14 జట్టుని వచ్చే సీజన్‌కి తయారు చేస్తున్నాను. 2025 జనవరిలో ఢిల్లీలో జరిగిన మొదటి ఖోఖో ప్రపంచ కప్‌ని మన ఆడవాళ్ళూ మగవాళ్ళూ ఇద్దరూ గెలిచాక, ఇది పల్లెటూరి ఆట అని ముఖం చిట్లించే తల్లిదండ్రులు కొంచెం తగ్గారు.

ఉన్నత పాఠశాలకు సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ పథకం నుంచి ఆట వస్తువులకు ఏడాదికి 25,000 రూపాయల దాకా గ్రాంట్ ఉంటుంది. ఏం కొనాలన్నది హెడ్మాస్టరు గారు నన్నే రాసివ్వమన్నారు. జట్టుకి జెర్సీలు, బూట్లు కావాలని పిల్లలు అడుగుతున్నారు, వాళ్ళు అడగడంలో తప్పు లేదు. నేను రాసిచ్చిన కాగితంలో మొదట ఉన్నవి తాడాట తాళ్ళు, బంతులు, కోన్లు, ఒక క్లాసు మొత్తానికి ఒకేసారి సరిపడేటన్ని. జెర్సీల కోసం ఊళ్ళో పూర్వ విద్యార్థుల్ని అడుగుతున్నాను, ఇద్దరు ఇస్తామన్నారు.